మంచి ఎదురు

అజయ్ గుమ్మం దాటే వేళకు నిండు బిందెతో ఎదురు రావలసింది సంగీతే.

పెళ్లయి రెండు నెలలు. కొత్త కోడలు ఎదురొస్తే పోయిన పని పండుతుందని అత్త సాయవ్వ నమ్మకం. రాత్రంతా ఏడ్చిన సంగీత, తెల్లారేసరికి ఆ ముచ్చటకే మురిసిపోయింది. కాళ్లకు పసుపు రాసుకుని, కోరుట్లలోని ఆ ఇరుకు గల్లీ మలుపులో బిందె చంకన పెట్టుకుని నిలబడింది.

సిరిసిల్లలో అజయ్ పనిచేసే మగ్గాలు ఆగిపోయాయి. ఇక్కడే ఏదైనా దారి దొరికితే మస్కట్ పోనని నిన్నటిదాకా అంటూనే ఉన్నాడు.

దొరకలేదు.

అంతలో ఓ పెద్దమనిషి కుంటుకుంటూ గల్లీలోకి వచ్చాడు.

"బిడ్డా, కబడ్డీ ఆడే అజయ్ ఇల్లు గిదేనా?"

సంగీత చప్పున గుమ్మం వైపు చూసింది. విమానమెక్కే మనిషికి కుంటివాడు ఎదురా!

గుమ్మంలోంచి సాయవ్వ చూడనే చూసింది. చీపురుతో ఉరికొచ్చింది.

"ఓ కుంటాయనా! ఆడనే ఆగు! అడుగు ముందటికెయ్యకు!"

"ఒక్క మాట చెప్పి పోత అక్కా."

"నీ మాట మన్నుల వడ! గా గోడెనుకకు పో!"

ఆయన నవ్వుతూనే గోడ వెనక్కి జరిగాడు. "మా అమ్మ గూడ గిట్లనే."

సంగీతకు సరదా పుట్టింది. "ఏ ఊరి టీమ్ కాకా? రాయికలా, బీర్పూరా?"

"నాదే టీమ్ బిడ్డా. మొన్న జగిత్యాలల అజయ్ ఆట చూసిన. ఫోన్ కలుస్తలేదు, అందుకే అచ్చిన."

"నీదా? కాలు గిట్ల పెట్టుకొని నువ్వేం కూతకు పోతవ్?" నవ్వు ఆపుకోలేక బిందెలో నీళ్లు ఒలకబోసింది.

ఆయనా నవ్వాడు. "నేను పోను, పిలగాండ్లను పంపుత. అజయ్ ఏడికి పోతుండు?"

విమానం ఎగిరేదాకా దేశం పేరు బయటివాళ్లకు చెప్పకూడదు. అదీ అత్త మాటే.

"వేములవాడకు. మొక్కుంది. పొద్దుగూకేసరికి అస్తడు."

"గట్లనా. మొక్కుకు పోయెటోనికి నేను ఎదురు రాను, అచ్చేదాక ఉంట."

అజయ్ బయటికొచ్చాడు. సంగీత ఎదురొచ్చింది. బిందెలో వేళ్లు ముంచి ఆమె ముఖాన చిలకరించాడు. ఆ నీళ్లు తుడుచుకోకుండానే కారు మలుపు తిరిగేదాకా చూసింది.

గోడ వెనక మనిషి పొద్దంతా గల్లీ చివర అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. ఇన్ని మంచినీళ్లు ఇచ్చినవాళ్లు లేరు. "కూసోనీ, మన పీడంత ఆయనకే చుట్టుకుంది," అంది సాయవ్వ. సంగీత ఇరుగుపొరుగుకు చెప్పి, తలుపు చాటునుంచి చూపించి మరీ నవ్వించింది.

దీపాలు పెట్టే వేళ ఆయన లేచి వచ్చాడు.

"అచ్చిండా బిడ్డా?"

"ఏడ కాకా! మస్కట్ ఇమానమెక్కిండు. రెండేండ్లు రాడు!" అంటూ చప్పట్లు కొట్టింది.

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఏదో చెప్పబోయాడు. ఆమె పసుపు పాదాల వంక చూసి మింగేశాడు.

"ఏమన్న చెప్పాల్నా? ఫోన్ల చెప్త."

"ఏం లేదు. ప్రేమ్‌కుమార్ అచ్చిండని చెప్పు. మస్తు ఆడుతడని చెప్పు."

వారం తర్వాత మస్కట్ నుంచి ఫోన్. పాస్‌పోర్టు కంపెనీవాళ్లు తీసి పెట్టుకున్నారట. ఎండకు ముక్కులోంచి రక్తం కారుతోందట. మొగుణ్ణి ఎలాగైనా నవ్వించాలని సంగీత కుంటాయన కథంతా గొంతు మార్చి మార్చి చెప్పింది.



"నవ్వుతలేవేంది?"

"పేరేమన్నవ్?"

"ప్రేమ్‌కుమార్."

అజయ్ మెల్లగా చెప్పాడు. "దేశానికి ఆడిన కెప్టెన్ గాయన. మోకాలు పోయినంక ఫ్యాక్టరీలు వెట్టిండు, కబడ్డీ లీగ్‌ల పెద్ద టీమ్ కొన్నడు."

"అయితే?"

"టీమ్‌ల తీసుకున్న పిలగాని ఇంటికి, గా ముచ్చట చెప్పెతందుకు ఎవ్వల్ని పంపడు సంగీతా, ఆయననే అస్తడు."