తొమ్మిది గాట్లు

హెల్వి పాత దుప్పటి విప్పి తుపాకీని బల్లమీద పెట్టింది.

"నాన్నది. ఈ వసంతంలో పోయారు. పాక అటక మీద దొరికింది. దీన్ని కొత్తదానిలా చేసిపెట్టండి మేస్త్రిగారూ. హాల్లో నాన్న ఫొటో కింద తగిలించుకుంటాను."

తైస్తో వెంటనే ముట్టుకోలేదు. చేతులు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి. సరస్సుకి ఇవతలి ఒడ్డున తుపాకులు బాగుచేసేది అతనొక్కడే. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక ఆ ఇంట్లో రెండో కాఫీ కప్పు అలమారలోంచి దిగలేదు. ఎవరైనా వస్తే పని గురించి మాట్లాడేవాడు. పని అయిపోతే మాట కూడా అయిపోయేది.

గొట్టం మొదట్లో తుప్పుని నూనెగుడ్డతో రుద్దాడు. పదహారు రేకుల పువ్వు బయటపడింది.

"చామంతి! జపాన్ చక్రవర్తి ముద్ర" అన్నాడు. గొంతులో చిన్నపిల్లాడి సంబరం. "అక్కడ చేసిన తుపాకీ ఇది."

"జపానా? ఫిన్లాండ్ దాకా ఈదుకుంటూ వచ్చిందా?"

"రష్యా వాళ్ళు కొన్నారు, మొదటి ప్రపంచ యుద్ధంలో. ఇక్కడున్న రష్యా బ్యారక్‌లలోవాటిని పద్దెనిమిదిలో, ఎర్రదళానికీ తెల్లదళానికీ మధ్య మన అంతర్యుద్ధం జరిగినప్పుడు, తెల్లదళం లాక్కుంది. తర్వాత చాలామటుకు దేశం దాటిపోయాయి. నలభై ఏళ్ళలో నా చేతికి రావడం ఇదే మొదలు."

"నాన్న తెల్లదళమే. అప్పుడు పంతొమ్మిదేళ్ళు. తర్వాత బతుకంతా బడిపంతులు. ఒక్క పిల్లాడి చెవి మెలేసిన పాపాన పోలేదు."

తైస్తో వేలు చెక్కమీద వరసగా కోసిన గాట్ల దగ్గర ఆగింది.

"అవా? దుప్పులు" అంది హెల్వి. "వేటలో కొట్టినవాటి గుర్తులని నాన్నే చెప్పారు. ముందు అవి పోవాలి. ఎలకలు కొరికినట్టున్నాయి. గరుకుకాగితంతో బాగా రుద్ది మెరుగు పెట్టేయండి."

అతను లెక్కపెట్టాడు. తొమ్మిది. ఒకే కత్తి, ఒకే వాలు, ఒకే లోతు.

"రెండు రోజులు ఉంచండి" అన్నాడు.

ఆమె వెళ్ళాక, భుజానికి ఆనించే చివరన ఉన్న ఇనప రేకు మరలు విప్పాడు. రేకు కింద చెక్కమీద కత్తి మొనతో చెక్కిన అక్షరాలు. నల్లబల్లమీద రాసినంత కుదురుగా ఉన్నాయి.

సోర్వా. 6-5-1918.

పొయ్యిమీద కాఫీ పొంగి చల్లారిపోయింది. అతను లేవలేదు. మర్నాడు గరుకుకాగితం చేతిలోకి తీసుకున్నాడు. పెట్టేశాడు. ఒకసారి సుత్తి కూడా చేతిలోకి వచ్చింది. దాన్నీ పెట్టేశాడు. సాయంత్రానికి రేకు మళ్ళీ బిగించాడు.

చెప్పిన రోజుకి హెల్వి వచ్చింది. "అయ్యో, అలాగే ఉందే! బద్ధకమా మేస్త్రిగారూ?"

"తుప్పు ఆపాను. నూనె పట్టించాను. అంతకుమించి చెయ్యను."

"గాట్లయినా పోగొట్టాల్సింది."

"ఇంత అరుదైనదాన్ని గీకితే ఇక దానికి విలువుండదు. ఇంకెవరిచేతా కూడా గీకించకండి. మాటివ్వండి."

ఆ గొంతుకి ఆమె తలెత్తి చూసింది. "సరే, సరే. ఇస్తున్నాను." తర్వాత అడిగింది, "ఈ రేకు విప్పినట్టున్నారు. లోపలేమైనా ఉందా?"

"తయారీ నంబరు."

తుపాకీని దుప్పట్లో చుట్టి ఇస్తూ అతను ఒక్క క్షణం వదల్లేదు.

"ఏడాదికోసారి నూనె పెట్టాలి. నేనే వస్తాను. మే ఆరున."

"అంత కచ్చితంగా ఆరునే ఎందుకండీ?"

"అప్పటికి చలి తగ్గుతుంది. చెక్క నూనె బాగా పీలుస్తుంది."

హెల్వి నవ్వింది. "తప్పకుండా రండి. ఏలకుల బన్ను చేస్తాను. నాన్న పోయాక నేను పెట్టిన కాఫీ తాగే దిక్కు లేదు."

మరుసటి ఏడు మే ఆరున తైస్తో సరస్సు చుట్టూ సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. నల్లకోటు వేసుకున్నాడు.

"నూనె పెట్టడానికి ఇంత ముస్తాబా?" అంది హెల్వి.

హాలు గుమ్మంలోనే టోపీ తీశాడు. బొటనవేలికి నూనె అద్దుకుని గాటు గాటునీ నిమిరాడు. ఒకదానికి ఎక్కువ లేదు, ఒకదానికి తక్కువ లేదు. హెల్వి రెండు కప్పుల్లో కాఫీ పోసింది. కిటికీ బయట బర్చ్ చెట్లు అప్పుడప్పుడే చిగురిస్తున్నాయి.

1918 మే ఆరున సోర్వా ఇసుకగుంత అంచున తెల్లదళం నిలబెట్టి కాల్చేసిన తొమ్మిదిమంది ఎర్రదళం ఖైదీల్లో ఒకడైన తైస్తో నాన్నకి, ఆ గాట్లు తప్ప ఈ భూమ్మీద వేరే సమాధి లేదు.