వంటవాడి తమ్ముడు

“జడ వేసుకోకే, వదిలెయ్. వాడికి అలా ఉంటేనే ఇష్టం,” అంది అత్తగారు గదిలోకి తొంగిచూసి.

“బస్సులో గాలికి చిక్కులు పడుతుందత్తయ్యా.”

“పడనీ. తియ్యడానికి నేను లేనూ?”

కోడలు నవ్వి దువ్వెన పక్కన పెట్టింది. రేడియోలో పాట అయిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు. చివరి ముక్కకు అత్తగారు గొంతు కలిపి, ఎక్కడో శ్రుతి తప్పి, తనే పకపకా నవ్వింది. తరువాత ఎడమ చేత్తో తలుపుకు తాళం వేసింది. ఆవిడ కుడి మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. స్నానాల గదిలో జారిపడిందట.

బస్సులో కోడలికి కిటికీ పక్క సీటు దొరికింది. ఆమె పనిచేసే బేకరీలోంచి తెచ్చుకున్న బన్నులు ఒళ్ళో ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఒకటి తుంచి అత్తగారి నోటికి అందించింది.

“వాడికి ఉంచవే!”

“జైల్లోకి బయటి తిండి పోనివ్వరుగా. మరిచిపోయారా?”

“అవును కదూ,” అంటూనే ఆవిడ రెండో ముక్కకు నోరు తెరిచింది.

జైలు గేటు దగ్గర మీసాల వార్డరు దూరం నుంచే చెయ్యి ఊపాడు.

“రండమ్మా, రండి! ఈసారి తీపి కబురు. వచ్చే వారం మీవాడి ఫైలు పెద్దసారు ముందుకి వెళ్తోంది. అప్పటిదాకా బుద్ధిగా ఉంటే చాలు, నెల తిరక్కుండా ఇంట్లో ఉంటాడు.”

కోడలి చేతిలోని సంచి జారింది. వంగి తీసుకుంది.

“నిజంగానా బాబూ?” అంది అత్తగారు.

“నిజమేనమ్మా. కానీ గట్టిగా చెప్పి వెళ్ళండి. లారీ స్టాండులో ఒకడి దవడ విరగ్గొట్టి లోపలికొచ్చాడు. పోయినేడు ఇలాగే ఒడ్డుదాకా వచ్చి, ఇంకొకడితో కలబడి అంతా పోగొట్టుకున్నాడు.”

“చిన్నప్పటి నుంచీ అంతే. చెయ్యి ముందు, మాట తర్వాత.”

“అయినా అదృష్టవంతుడు. మీరు ఒక్క ములాఖత్ కూడా మానలేదు. అతని గదిలోనే ఉండే వంటవాణ్ణి పలకరించడానికి కూడా ఎవరూ రారు, పాపం.”

అద్దానికి అవతల భర్త శుభ్రంగా గడ్డం గీసుకుని కూర్చున్నాడు. ఫోను చెవికి ఆనించగానే కళ్ళు మెరిశాయి.

“జుట్టు బాగా పెరిగిందే! అప్పట్లో నా చేతికి రెండు చుట్లు వచ్చేది. ఇప్పుడు మూడొస్తుందేమో.”

ఆమె తల వంచుకుంది.

“వస్తున్నాగా, చూసుకుందాంలే. అమ్మ ఎలా ఉంది?”

“బాగున్నారు. పాటలు కూడా పాడుతున్నారు.”

“పాటలా?” అతని నవ్వు ఆగింది. “వచ్చాక వింటాలే.”

“ఏవండీ, ఈ వారం రోజులూ ఎవరితోనూ గొడవ పడకండి. నా మీద ఒట్టు.”

“నాకేం పని?”

“ఎవరేమన్నా సరే. ఆ వంటవాడు ఏమన్నా సరే.”

“వాడా? పిల్లిలాంటివాడు. వాడేమంటాడు?”

“ఏం లేదులెండి.”

“ఏంటే?”

“వద్దు. చెప్తే మీకు కోపమొస్తుంది.”

“చెప్పమన్నానా!”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు బెంచీ మీద కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతోంది.

“వాడి తమ్ముడట. ఇక్కడికి రావడానికి మొహం చెల్లదు గానీ, మా బేకరీకొచ్చి వాగాడు. మీరు లోపల వాళ్ళన్న కాళ్ళు పడుతున్నారట, బట్టలు ఉతుకుతున్నారట. అందరూ నవ్వారు. నేను తల ఎత్తలేకపోయాను. పోనివ్వండి, కుక్క మొరిగిందనుకున్నాను.”

“అందరి ముందా?”

“మీరు మాత్రం ఏమీ అనకండి. ఒట్టేశాను, గుర్తుందిగా?”

అతని మెడ మీద నరం ఉబ్బింది. ఫోను విసిరికొట్టిన చప్పుడు అద్దం ఇవతలికి కూడా వినిపించింది.

ఇద్దరూ సంతకాలు పెట్టి గేటు దగ్గరికి వచ్చారో లేదో, లోపల ఈల మోగింది. బూట్లు పరుగెత్తాయి. కాసేపటికి వార్డరు టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

“కొంప మునిగిందమ్మా. తిన్నగా వెళ్ళి వంటవాడి మీద పడ్డాడు. ఎందుకు కొడుతున్నాడో కూడా చెప్పలేదు.”

“వంటవాడికెలా ఉంది?” అంది కోడలు.

“ముక్కు పగిలింది. తగ్గుతుంది లెండి. ముందు మీవాడి సంగతి చూసుకోండి. ఇంకో రెండేళ్ళదాకా విడుదల మాటే ఉండదు.”

కోడలు గోడకు ఆనుకుని చేతుల్లో మొహం దాచుకుంది. అత్తగారు వంకర చేత్తోనే ఆమె వీపు నిమిరింది.

“ఏడవకమ్మా,” అన్నాడు వార్డరు. “నువ్వెంత చెప్పినా దున్నపోతు మీద వానే.”

తిరుగు బస్సులో కోడలు కిటికీ తెరిచింది. గాలికి జుట్టు ఎగిరి అత్తగారి మొహం నిండా పడింది. ఆవిడ దాన్ని కూడదీసి, వేళ్ళతో ఒక్కొక్క చిక్కే తీస్తూ, జడ అల్లడం మొదలుపెట్టింది.

“పాపం ఆ వంటవాడు,” అంది కోడలు బయటికి చూస్తూ.

“ఊఁ.”

“మీ కొడుకు కదా అత్తయ్యా. మీకు...”

“బన్ను ఉందా ఇంకా?”

ఉంది. చల్లారిపోయింది. ఆవిడ దాన్ని సగం చేసి, పెద్ద సగం కోడలి చేతిలో పెట్టింది. ఓ ముక్క నెమ్మదిగా నమిలి మింగింది. జడ కొస బిగించి ముడి వేసింది.

“వచ్చేసారి తమ్ముడొద్దే, వంటవాడు అనాథట.”