ఒంట్లోకి పోయిన డోసు

కడుపునొప్పి తగ్గక నాలుగోసారి సీటీ స్కానుకు వెళ్లాను. ఆ యంత్రం నడిపేది నా బామ్మర్దే.

"ఇప్పటిదాకా నా ఒంట్లోకి రేడియేషన్ ఎంత పోయిందో చూడరా. చీకట్లో బల్బులా వెలుగుతానేమో!" అన్నాను.

కంప్యూటర్ చూసి నసిగాడు. "మొదటిసారిదే బావా. తర్వాత రెండుసార్లూ బల్ల లోపలికీ బయటికీ జరిపానంతే."

"మరి రిపోర్టులు?"

"పాతదానికే తేదీలు మార్చా. సెలవుల కోసం నాటకాలాడుతున్నావని అక్క చెప్పింది. ఊరికే డోసెందుకు? నీ మంచికే కదా!"

ఆ సెలవుల గుట్టు అప్పట్లో మా ఆవిడకొక్కదానికే చెప్పాను. తిన్నగా తమ్ముడి చెవిలో ఊదింది.

ఆవిడ చెప్పింది అబద్ధమేమీ కాదు. మొదటి రెండుసార్లూ నాటకమే.

మూడోసారి నొప్పి నిజం. ఏమీ లేదన్న ఆ రిపోర్టును నమ్మి, ఆరు నెలలు మందు మింగకుండా తిరిగాను.