ఇంట్లోనే రోమింగ్

రోమింగ్‌కు ఇంకా డబ్బులు కట్ అయ్యే రోజులవి. ఎస్తేరు అయిజలోని రీచార్జి దుకాణంలో తన సెల్‌ఫోన్‌ను ఠక్కున బల్ల మీద పెట్టింది.

"పూనాల కూలికి పోయిన మా ఆయన ఫోన్ చేస్తే, నా పైసలెందుకు కట్ అయితున్నయి తమ్మీ?"

"మీది సరిహద్దు ఊరు గదక్కా," అన్నాడు దుకాణం నడిపే నరేందర్. "ఇంట్ల ఉన్నా కర్ణాటక టవరే అందుతది. కంపెనీ లెక్కల నువ్వు ఇల్లిడిచి పోయినట్టు. దాన్నే రోమింగ్ అంటరు, వచ్చే ఫోన్‌కు గూడ పైసలు పడతయి."

"మా దిక్కు టవర్ పెట్టమను."

"నలభై ఇండ్లకు పెడితే టవర్ నడిపే డీజిల్ ఖర్చు గూడ ఎల్లదంట. ఫోనొచ్చే యాళ్లకు మీ ఊరికి ఇటు దిక్కున్న గుట్ట మీదికి రా, మన టవర్ అందుతది, ఫ్రీ."

అప్పుడే ఫోన్ మోగింది. పూనా నంబరే.

"ఈడ ఫ్రీనే, ఎత్తక్కా!"

ఎస్తేరు కట్ చేసింది.

"ఇల్లిడిచి పోయింది ఆయనొక్కడే. నేను పోలే, పోను. రీచార్జి ఎయ్యి. ఇంట్ల కూసోనే మాట్లాడుత."