మూడు మొప్పలు

"నవ్వకండి!" ల్యాబ్ మేడమ్ ట్రేని బల్లమీద ఠపీమని పెట్టింది. నీళ్ళు చింది రంగుల ఫ్యాక్టరీ మేనేజర్ చొక్కా తడిసింది.

"ఎందుకు నవ్వనమ్మా? తూనీగ పిల్లలుంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టేనని మీరే అన్నారుగా. ఇందాక మా కాలవలో మీ వలకే పడ్డాయి. ఇకనైనా అనుమతి మీద సంతకం పెట్టండి."

పెద్దాఫీసర్ ఆవులించాడు. "నిజమే కదమ్మా. ఎప్పుడొచ్చినా నీళ్ళు బాగానే ఉంటున్నాయి. ఊరికే ఆయన మీద పడతావెందుకు?"

"మనం వస్తున్నామని తెలియగానే పైపు కట్టేసి బోరునీళ్ళు వదులుతాడు కాబట్టి! అటు తిరగ్గానే మళ్ళీ రంగునీళ్ళే. దిగువ కాలనీలో పిల్లల ఒళ్ళు చూశారా? పుండ్లు సార్, పుండ్లు!"

"సాక్ష్యం?" మేనేజర్ చేతులు తిప్పాడు.

ఆమె పళ్ళు నూరుతూ మైక్రోస్కోప్‌ని అతని వైపు తోసింది. "చూడండి. తోక చివర ఆకుల్లాంటి మూడు మొప్పలు. సన్నతూనీగ పిల్లలు. ఇవి మీ కాలవలోవేనా?"

"ముమ్మాటికీ. మావాళ్ళు రోజూ చూస్తూనే ఉంటారు."

"విన్నారుగా సార్?" ఆమె పెద్దాఫీసర్ వైపు తిరిగింది. "ఇది కొండవాగులో రాళ్ళ కింద బతికే రకం. ఈ బురదలో పుట్టదు. పైగా ఒకచోట ఉంటే ఒకదాని మొప్పలు ఒకటి కొరికేసుకుంటాయి. వాగులో పట్టినా కొన్నిటికి మొప్పలు తెగే ఉంటాయి. వీటిలో ఒక్కదానికీ గాటు లేదు. అన్నీ ఒకే సైజు. అంటే విడివిడిగా గ్లాసుల్లో పెంచి, తెచ్చి వదిలారు!"

పెద్దాఫీసర్ మైక్రోస్కోప్‌లోకి చాలాసేపు చూశాడు. తలెత్తేసరికి ముఖం ఎర్రబడింది.

"ఏమయ్యా, నన్నే బురిడీ కొట్టిస్తావా?"

"అయ్యో, నాకేం తెలీదు సార్! పురుగుల్ని పెంచుకునే ఖర్మ నాకేంటి?"

"రోజూ చూస్తున్నామన్నావుగా ఇప్పుడే!"

"అది... ఏదో మాటవరసకి..."

"సిగ్గులేదూ!" ఆమె అరుపుకి గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఉలిక్కిపడ్డాడు. "పసిపిల్లల ఒళ్ళు కుళ్ళిపోతుంటే నాటకాలా!"

సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ గేటుకి సీలు పడింది. కారెక్కుతూ కూడా మేనేజర్ నెత్తీనోరూ కొట్టుకుంటూనే ఉన్నాడు. "నా పిల్లల మీద ఒట్టు సార్, నేను వదల్లేదు!"

వదిలింది ఆమే.