కుప్పయ్య చేనులో యుద్ధ విమానాలు

"మీ నగరి ఊళ్ళో ఏముండాది బావా? మగ్గాలు. పైనుంచి బాంబు పడితే మగ్గం అడ్డం పెడతావా?"

కుప్పయ్య మాటకు వియ్యంకుడు దొరస్వామి ముఖం మాడ్చుకున్నాడు.

"తొలికాన్పు పుట్టింట్లోనే జరగాల, కాదనను. కానీ యుద్ధం రోజులు. పిల్లను ఈడే ఉండనీ."

"మా ఇంటి పక్కన ఎనిమిది యుద్ధ విమానాలుండాయి. మీ ఇంటి పక్కన?"

దొరస్వామి ఇంటి పక్కన రెండు మేకలున్నాయి. వాదన అక్కడితో ముగిసింది. నిండు చూలాలు అలివేలు నాయన వెంట రేణిగుంట రైలెక్కింది.

అది 1942 వేసవి. జపాన్ బాంబుల భయంతో మద్రాసు సగం ఖాళీ అయింది. తిరుపతి సత్రాల్లో కాలు పెట్టే చోటు లేదు. కుప్పయ్య మాత్రం నిశ్చింతగా గుర్రు పెట్టేవాడు. పటాలం వాళ్ళు విమానాలు నిలిపింది రేణిగుంట దగ్గర, ఇంటిని ఆనుకునున్న అతని చేనులోనే మరి!

ఆ మహాదళం ఇంతవరకు నేల విడవలేదు. చినుకు పడితే చాలు, సిపాయిలు పరుగున వచ్చి టార్పాలిన్లు కప్పేవాళ్ళు. కంచె దగ్గరికి మనుషులొస్తే ఒకసారి అదిలించేవాళ్ళు. పశువులొస్తే తుపాకులెత్తేవాళ్ళు.

"కొత్త పెళ్ళికూతుర్ని గూడా ఇంత నాజూగ్గా చూసుకోరప్పా! ఎప్పుడెగరతాయి ఇవి?" అని కుప్పయ్య ఎకసెక్కమాడాడు.

"పైనుంచి ఆర్డరు రావాల" అన్నాడు జమేదారు ధనంజయ. చిత్తూరు మనిషి.

చీకటి పడితే తిరుపతి అంతా దీపాలార్పేసేది. ఈ చేనులో మాత్రం తెల్లవార్లూ వరుసగా లాంతర్లు.

"జపానోడికి కనపడతాయని భయం లేదా జమేదారూ?"

"వాడు రావాలనే గదా! మద్రాసు జోలికి పోకుండా నేరుగా ఈడికే రావాల."

ఆ ధైర్యానికి కుప్పయ్య పొంగిపోయాడు. కడవెడు మజ్జిగ పంపాడు. ధనంజయ ఎందుకో అది ముట్టలేదు.

"కూతుర్ని నగరికి పంపించెయ్యి కుప్పయ్యా" అన్నాడు తల దించుకుని.

"నీ విమానాల మీద నీకే నమ్మకం లేదా అబ్బా?" అని కుప్పయ్య పగలబడి నవ్వాడు.

అలివేలుకు నొప్పులు మొదలైన రోజే, మిట్టమధ్యాహ్నం సైరన్ మోగింది.

"కొండ దిక్కుకు పోదాం పదన్నా!" అంది మంత్రసాని నాగులమ్మ.

"పిచ్చిదానా, ఇంతకన్నా భద్రమైన చోటు యాడుండాది? నువ్వు కాన్పు చూడు. నేను విమానాలు లేసేది చూసొస్తా."

బయటికొచ్చాడు. సిపాయిలందరూ ఒకే దిక్కుకు పరుగెడుతున్నారు.

"విమానాలు అటు గాదప్పా, ఇటు!" అని అరిచాడు.

ఒక్కడూ వెనక్కి తిరగలేదు. ఆకాశంలో మోత దగ్గరవుతోంది. తరిమేవాడు లేక కుప్పయ్య బర్రె కంచె దాటి, ముందు వరుసలోని విమానం దగ్గర నిలబడింది.

బర్రె తాపీగా నములుతున్న యుద్ధ విమానం రెక్కలోంచి వరిగడ్డి వేలాడుతోంది.