నిరభ్యంతరం

నెల తిరిగి పోగుచేసిన ముప్పై ఒక్క సంతకాలను మునిసిపాలిటీ గుమాస్తా చేతికిచ్చాను. నా సిగ్గుకి రోజుకొక గడప ఎక్కడమే గగనమైంది.

"మంచి పని చేశావమ్మా. చెత్త డంపుకి మీ వీధంతా ఒప్పుకుంది," అన్నాడాయన.

"ఒప్పుకోవడమేంటండీ? అభ్యంతరం కాగితమేగా నేనడిగింది?"

"ఇది నిరభ్యంతర పత్రం. అంటే అభ్యంతరం లేదని."

నేను అయిదో తరగతి దాకానే చదివాను. ముందున్న ‘నిర’ నా కంటికి ఆనలేదు. ముద్ర పడకముందే బతిమాలి కాగితం వెనక్కి తీసుకున్నాను.

తెల్లకాగితం మీద ‘డంపు వద్దు’ అని రాసుకుని, కాళ్ళీడ్చుకుంటూ మళ్ళీ మొదటింటి మెట్లెక్కాను. ఆ ఇంటి టీచరక్కకి జరిగింది చెప్పాను.

"నేను చదివే సంతకం పెట్టానే," అంది.

"చదివి కూడానా అక్కా?"

"మీ ఆయనకి ఆ డంపులో పనిస్తామన్నారేమో అనుకున్నా. నువ్వేమో కాగితం చాపి, తల దించుకుని నుంచున్నావు. కాదంటే ఏడుస్తావేమోనని పెట్టాను."

ముప్పై ఒక్క గడపల్లోనూ నేను నోరు విప్పలేదు.

పక్కింటి తలుపు కొట్టాను. కాగితం చంకలోనే ఉంచుకుని, "పిన్నిగారూ, ఆ డంపు మనకొద్దని చెప్పడానికొచ్చాను," అన్నాను.